టికెట్ల వ్యాపారం పెడతానంటున్న మేనకోడలికి

బెంగళూరు, మల్లేశ్వరం

చి. హారికకు,

మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పీపీటీ రెండుసార్లు చూశాను. రంగులు బాగున్నాయి. ముప్పై రెండు స్లైడ్లలో ఇరవై ఆరు యాప్ గురించే ఉన్నాయి. గేటు గురించి ఒక్కటీ లేదు. జనం కట్టిన డబ్బు ఎవరి ఖాతాలో ఎన్నాళ్లుంటుందో అసలే లేదు. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

నేను మొదలుపెట్టినప్పుడు టికెట్లంటే పుస్తకాలే. వంద టికెట్ల బుక్కు, కౌంటర్ ఫాయిల్, రబ్బరు స్టాంపు. మారతహళ్లిలో ఒక కర్రీ పాయింట్‌లో, బీటీఎంలో ఒక తెలుగు మెస్సులో పెట్టి అమ్మించేవాణ్ణి. ఆన్‌లైన్‌కి మారాక పని తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, వేరే చోటికి మారిందంతే.

ముందు డబ్బు సంగతి. కొన్నేళ్ల కిందట వసంతనగర్‌లో ఒక గజల్ కార్యక్రమానికి మనమే టికెట్లు అమ్మాం. షోకి పన్నెండు రోజుల ముందే నిర్వాహకుడు వచ్చి కూర్చున్నాడు. హాలుకి కట్టాలి, సౌండ్ వాడికి ఇవ్వాలి, పోస్టర్లకి ఇవ్వాలి అన్నాడు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు, నేను అమ్మకాల డబ్బులోంచి నాలుగు లక్షలు ఇచ్చేశాను. షోకి రెండు రోజులుందనగా గాయకుడికి గొంతు పోయింది. కార్యక్రమం రద్దు. ఆ సాయంత్రం నుంచి నిర్వాహకుడి ఫోన్ స్విచాఫ్. టికెట్ మీద ఉన్నది నా నంబరు, జనం నాకే చేస్తారు కదా! ఆరు వందల మందికి పైగా డబ్బు నా జేబులోంచి వాపసు ఇచ్చాను. మీ అత్తయ్య గాజులు తాకట్టుకి వెళ్లాయి. విడిపించి చాలా కాలమైనా ఏ పండక్కో ఆ మాట వస్తూనే ఉంటుంది.

కాబట్టి షో అయిపోయే దాకా నిర్వాహకుడికి పైసా వదలకు. బతిమాలతారు, మిగతా కంపెనీలు ఇస్తున్నాయంటారు. తప్పదనుకుంటే హాలు అద్దె మాత్రం నేరుగా హాలువాళ్లకే కట్టు, రసీదు నీ దగ్గర పెట్టుకో. ఇంకో మాట, ఆ డబ్బంతా నీ కరెంట్ ఖాతాలో వేసుకుని పంచుదామనుకోకు. ఇతరుల తరఫున డబ్బు వసూలు చేసి పంచే పేమెంట్ అగ్రిగేటర్లకి అనుమతి ఉండాలని ఆర్‌బీఐ 2020 మార్చిలోనే చెప్పింది. దానికి దరఖాస్తు చేసేనాటికే కంపెనీకి 15 కోట్ల నికర విలువ, అంటే ఆస్తుల్లోంచి అప్పులు తీసేశాక మిగిలేది, ఉండాలి. మన వల్ల అయ్యే పని కాదు. అనుమతి ఉన్న అగ్రిగేటర్‌ని పెట్టుకుని, నిర్వాహకుడి వాటా వాళ్ల దగ్గరే ఆపి ఉంచి, షో అయ్యాక వదిలేలా ఏర్పాటు చేసుకో.

నీ లెక్కల స్లైడులో టికెట్‌కి పాతిక రూపాయల కన్వీనియన్స్ ఫీజు (టికెట్ ధర మీద మనం అదనంగా తీసుకునేది), పాతికా లాభమే అన్నట్టు రాశావు. ఒకసారి కాగితం మీద వేసి చూడు. టికెట్ 500, ఫీజు 25, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ 4.50. కొనేవాడు 529.50 కడతాడు. కార్డుతో కడితే గేట్‌వే, అంటే ఆన్‌లైన్‌లో ఆ డబ్బు తీసుకుని మనకి చేర్చే కంపెనీ, రెండు శాతం తీసుకుంటుందనుకో, 10.59 పోయింది. నీకు మిగిలింది 14.41. అందులోంచే ఎస్సెమ్మెస్‌లు, వాట్సాప్ మెసేజీలు, సర్వర్, గేటు కుర్రాళ్ల భోజనం. యూపీఐకి 2020 జనవరి నుంచి ఎండీఆర్, అంటే చెల్లింపు మీద వ్యాపారి దగ్గర కోసుకునే రుసుము, లేదు కాబట్టి యూపీఐ బటన్ అన్నిటికంటే పైన పెట్టు. వాపసు ఇచ్చినప్పుడు గేట్‌వే తన రుసుము సాధారణంగా వెనక్కి ఇవ్వదు, ఆ నష్టం ఎవరిదో ఒప్పందంలో ముందే రాయించు.

ఆ 500 కూడా ఊరికే వేయలేదు. సంగీత కచేరీలు, నాటకాలు, నాట్య ప్రదర్శనల టికెట్ మనిషికి 500 దాటకపోతే జీఎస్టీ లేదు. ఒక్క రూపాయి దాటినా మొత్తం మీద 18 శాతం. 550 పెడదామని పట్టుబట్టే నిర్వాహకుడికి ఈ లెక్క వేసి చూపించు, వాడే దిగొస్తాడు. 20 లక్షల టర్నోవర్ దాటాక చూసుకుందాంలే అనుకుంటున్నావేమో, నిర్వాహకుడికి ఇచ్చే డబ్బులోంచి ముందే పన్ను (టీసీఎస్) కోయాల్సిన ఈ-కామర్స్ ఆపరేటర్‌కి, అంటే ఇతరుల టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టే నీలాంటివాళ్లకి, ఆ పరిమితి వర్తించదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పన్ను పడే టికెట్ల మీద జీఎస్టీ టీసీఎస్ 0.5 శాతం కొయ్యాలి, 2024 జూలై 10కి ముందు ఒక శాతం ఉండేది. నిర్వాహకుడి డబ్బులోంచే ఆదాయపు పన్ను కింద కోసే టీడీఎస్ 0.1 శాతం, అదీ 2024 అక్టోబర్ నుంచే తగ్గింది. మిగతాది ఆడిటర్ చూసుకుంటాడు, ఆయన ఫీజు దగ్గర మాత్రం పిసినారితనం చేయకు.

ఇక గేటు. ఒక ఉగాదికి మారతహళ్లి దగ్గర కల్యాణ మంటపంలో పదకొండు వందల మందికి టికెట్లు అమ్మాం. ఆరున్నరకి షో, ఆరింటికి అందరూ ఒక్కసారే వచ్చారు. అంతమంది ఒకేచోట ఫోన్లు తీసేసరికి నెట్‌వర్క్ చచ్చిపోయింది. మా కుర్రాడు క్యూఆర్ కోడ్ మీద ఫోన్ పెడితే చక్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. వెనక ఒక పెద్దావిడ జెరాక్స్ షాపులో ప్రింటు తీయించిన టికెట్‌ని నాలుగు మడతలు పెట్టి పర్సులో తెచ్చారు. మడత సరిగ్గా కోడ్ మీదే పడింది. ఒకాయన ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ అయిన స్క్రీన్‌షాట్ చూపించాడు. అదే కోడ్‌తో వాళ్ల బావమరిది అప్పటికే లోపల కూర్చున్నాడు. సెక్యూరిటీ అతను "స్వల్ప తడీరి సార్, స్వల్ప తడీరి" (కాస్త ఆగండి) అని కన్నడంలో ఒకటే మాట. చివరికి పొద్దున ఎందుకో ప్రింటు తీసి పెట్టుకున్న పేర్ల జాబితా బయటికి తీసి పెన్సిల్‌తో టిక్కులు పెడుతూ పంపించాం.

ఆ రోజు నుంచి నెట్ లేకపోయినా స్కాన్ అయ్యే ఏర్పాటు లేకుండా గేటుకి వెళ్లను. షోకి గంట ముందే జాబితా మొత్తం స్కానర్ ఫోన్లలోకి దించుకుంటాం. కానీ రెండు గేట్లుంటే, ఒక గేటులో వాడిన కోడ్ రెండో గేటుకి తెలియదు. అందుకే ఇంటి పేరులో మొదటి అక్షరాన్ని బట్టి ఏ గేటో టికెట్ మీదే వేస్తాం. పాతకాలపు పద్ధతే, కానీ పనిచేస్తుంది. పేర్ల ప్రింటు ఇప్పటికీ తీస్తాను, కుర్రాళ్లు నవ్వుతారు.

పాస్‌ల సంగతి కూడా గేటు సంగతే. నిర్వాహకుడు "ఓ యాభై పాస్‌లు నా చేత్తో ఇస్తాను" అంటాడు, అవి నూట యాభై అవుతాయి. పాస్ కూడా నీ సిస్టమ్‌లోంచే రావాలి, దానికీ కోడ్ ఉండాలి. 2023 సెప్టెంబర్ 10న చెన్నైలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద జరిగిన ఏఆర్ రెహమాన్ కచేరీకి టికెట్ చేతిలో ఉన్నవాళ్లే లోపలికి వెళ్లలేక వెనక్కి తిరిగారు. మన ఊళ్లో 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం దగ్గర తొక్కిసలాటలో పదకొండు మంది పోయారు. ఆ సాయంత్రం నేను కబ్బన్ పార్కు వైపు నుంచి వస్తూ జనాన్ని చూశాను, దాని గురించి ఎక్కువ రాయలేను. హాల్లో ఎన్ని కుర్చీలున్నాయో నువ్వే వెళ్లి లెక్కపెట్టు. నిర్వాహకుడు చెప్పిన సంఖ్య నమ్మకు.

పోటీ గురించి నీకు టెన్షన్ ఎక్కువగా ఉన్నట్టుంది. బుక్ మై షో కంపెనీ 1999 నుంచి ఉంది. పేటీఎం టికెట్ల వ్యాపారాన్ని 2024లో జొమాటో 2,048 కోట్లకి కొనుక్కుంది. వాళ్లతో సినిమాల దగ్గర, పెద్ద కచేరీల దగ్గర తలపడకు. నా ఉద్దేశంలో నీ బేరం వాళ్లు తిరిగి చూడని చోట ఉంది: కూచిపూడి రంగప్రవేశాలు, అవధానాలు, తెలుగు స్టాండప్ కామెడీ, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో వినాయక చవితి భోజనాల కూపన్లు. కూపన్లని చిన్నచూపు చూడకు. ఎనిమిది వందల ఫ్లాట్ల సొసైటీలో పులిహోర ఎంత కలపాలో ముందు రోజు రాత్రికి తేల్చి చెప్పగలిగితే ఆ కమిటీ నిన్ను వదలదు.

వచ్చే ఆదివారం వయ్యాలికావల్‌లో ఒక నాటకం ఉంది, గేటు మనదే. నాలుగింటికల్లా రా. పవర్ బ్యాంక్ తెచ్చుకో, బూట్లు వేసుకో, నాలుగైదు గంటలు నిలబడాలి. స్కానర్ నీ చేతికే ఇస్తాను. మీ అమ్మని ఈసారి కంది పొడి కాస్త ఎక్కువ పంపమను, పోయినసారిది కుర్రాళ్లే తినేశారు.

ఇట్లు,
మావయ్య