చిన్నీకి, నీ కొరివి దయ్యం గురించి

చిన్నీ,

మీరు చేస్తున్న దయ్యం గేమ్‌ది నువ్వు పంపిన బిల్డ్, అదే ఇంకా పూర్తికాని వెర్షన్, రెండు రాత్రులు ఆడాను తల్లీ, ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒకసారి లేకుండా. అడవి చాలా బాగా కట్టారు, ముగ్గురు పిల్లలు కాలేజీ అయ్యాక కూర్చుని చేశారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. కానీ దయ్యం బయటికొచ్చాక మాత్రం భయం పోయింది. పన్నెండడుగుల ఎత్తు, ఎర్ర కళ్ళు, వెనక్కి తిరిగిన పాదాలు, మోకాళ్ళ దాకా జుట్టు... మోడల్ చేసినోళ్ళ చేతిలో పనితనం ఉంది, కాదనను, అయినా నాలుగోసారి కనిపించేసరికి అది ఏ మూల నుంచి వస్తుందో, ఎన్ని సెకన్లు పరిగెడితే వదిలేస్తుందో తెలిసిపోయింది, అక్కడ్నుంచి నేను దాన్ని చూడటం మానేసి సెకన్లు లెక్కపెట్టుకోవడం మొదలెట్టాను.

బాధపడకు, ఈ తప్పు మేమూ చేశాం. ఇన్నేళ్ళ గేమ్ లైటింగ్ పనిలో నేను మర్చిపోలేని ప్రాజెక్టు ఒకటుంది, ట్రైలర్‌కి బావుంటుందని పైవాళ్ళు దయ్యం మొహం మొదటి సీన్‌లోనే పెట్టించారు, ఏడాదిన్నర కష్టపడ్డాం, తీరా టెస్టింగ్‌కి వచ్చిన కుర్రాళ్ళు పావుగంటకే దాని పక్కన నిలబడి స్క్రీన్‌షాట్లు తీసుకున్నారు. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను. నీకు ఆ రోజు రాకూడదనే ఇదంతా రాస్తున్నా.

పేరేమో కొరివి దయ్యం అని పెట్టావు, దాంట్లో కొరివే లేదు. కొరివి అంటే సగం కాలిన కట్టె అమ్మా, తలకొరివి అంటామే, ఆ కొరివే. మన ఊళ్ళలో దాన్ని చూశామని చెప్పినవాళ్ళెవరూ మొహం గురించి చెప్పలేదు. రాత్రిపూట పొలాల మీద ఒక మంట కదుల్తూ పోయింది, ఆరిపోయి ఇంకోచోట వెలిగింది, ఇంతే చెప్పేవాళ్ళు. చిత్తడి నేలల్లో పుట్టే గ్యాస్ మండుతుందని చదువుకున్నోళ్ళు అంటారు. బెంగాల్‌లో దీన్నే ఆలేయా అంటారు, కచ్ వైపు బన్నీ గడ్డిభూముల్లో చిర్ బత్తి అంటారు, ఎక్కడ విన్నా కథ ఒకటే, దాని వెనకాల పోయినవాడు దారి తప్పుతాడు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మీ తాతమ్మతో కలిసి సీతంపేట సంత నుంచి చీకట్లో నడిచొస్తున్నాం, చెరువు గట్టు ఎక్కేసరికి అవతలి ఒడ్డున ఒక వెలుగు కనపడింది. ఆవిడ నోట్లో అడ్డచుట్ట ఉంది, నిప్పున్న కొస లోపలికి పెట్టుకుని కాల్చేవాళ్ళే, శ్రీకాకుళం వైపు ముసలమ్మలు, అలాగ. అంటే ఆవిడ దగ్గర నిప్పుంది కానీ బయటికి కనపడదు, బుగ్గ మాత్రం లోపల్నుంచి కాస్త ఎర్రగా ఉన్నట్టనిపించేది నాకు. నా మెడ పట్టుకుని కిందికి వంచి "ఒరే గుంటా, అటు సూడకు, నీ కాళ్ళకేసి సూసుకు నడు" అంది. ఇంటి గుమ్మం ఎక్కేదాకా ఇంకో మాట మాట్లాడలేదు. అది చేపలు పట్టేవాడి లాంతరే అయ్యుండొచ్చు. కానీ ఆ చెయ్యి నా మెడ మీద ఎంత గట్టిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది, నీ గేమ్‌లో నాకు కావాల్సింది ఆ చెయ్యి.

నువ్వు అన్‌టిల్ డాన్ అనే హారర్ గేమ్ ఆడావుగా, 2015లో వచ్చింది. దాంట్లో వెండిగో అనే రాక్షసి ఎందుకు గుర్తుండిపోయింది? కదిలితేనే దానికి కనపడతావు, అందుకని చేతిలో కంట్రోలర్ కూడా కదపకుండా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. మొహం మర్చిపోయినా ఆ రూల్ మర్చిపోం. ఉత్తర అమెరికా ఆదివాసులైన ఒజిబ్వే, క్రీ జనాల కథల్లో వెండిగో చలికాలపు ఆకలి నుంచి, మనిషి మాంసం తినడం నుంచి పుడుతుంది, గేమ్‌లో కూడా 1952లో గని కూలి చిక్కుకుపోయినవాళ్ళ ఆకలితోనే కథ మొదలవుతుంది. నీ దయ్యానికి ఆ ఆకలి లాంటిది వెలుగు.

నీ గేమ్‌లో ఇప్పుడు వెలుగు అంటే క్షేమం. మంట దగ్గరికెళ్తే అంతవరకు ఆడింది సేవ్ అవుతుంది. దాన్ని అలాగే ఉంచు, మొదటి ఐదు మంటలూ నిజంగా సేవ్ పాయింట్లే అవ్వాలి, ఆరోది కాకూడదు, అది కొరివి. నిజం మంటకి పొగ ఉంటుంది, చిటపటమని చప్పుడుంటుంది, చుట్టూ పురుగులు మూగుతాయి, కొరివికి ఇవేవీ పెట్టకు, ఆ సంగతి ఎక్కడా చెప్పొద్దు, ఆడేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పట్టుకోవాలి. ఇంకోటి, అది తరమకూడదు. నువ్వు దగ్గరికెళ్తే అంతే దూరం జరగాలి, తిరిగి చూసుకుంటే వచ్చిన దారి ఉండకూడదు. చేతిలో లాంతరు వెలిగిస్తే దానికి నువ్వు కనపడతావు, ఆర్పేస్తే నీకు అడవి కనపడదు, మధ్యలో ఒక్కటే ఉంది, లాంతరుకి అరచెయ్యి అడ్డం పెట్టడం. ఆ వేళ్ళ సందుల్లోంచి వచ్చే ఎర్రటి వెలుగు నువ్వే కూర్చుని చెయ్యి, ఎవరికీ అప్పగించకు, గేమంతా ప్లేయర్ చూసేది దాన్నే. అడ్డచుట్ట ముసలమ్మని ఒక పాత్రగా పెట్టుకో, ఈ సంగతి ఆవిడే నేర్పుతుంది. ప్లేయర్ చేత మాత్రం కాల్పించకు, ఆ అలవాటు అంగిలికి కాన్సర్ తెస్తుంది, మన ఇళ్ళల్లోనే చూశాం.

ఇక నా పని గురించి. చీకట్లో ఒంటరిగా ఉన్న ఒక్క వెలుగు చుక్కని అదేపనిగా చూస్తే అది కదలకపోయినా కదిలినట్టే ఉంటుంది, ఆటోకైనెటిక్ ఎఫెక్ట్ అంటారు. చుట్టూ చెట్టూ పుట్టా ఏమీ కనపడకపోతే ఆ చుక్క దగ్గరదో దూరందో కూడా కన్ను చెప్పలేదు. కాబట్టి కొరివి ఉన్న దిక్కున చందమామని పెట్టకు, కొండ అంచు కూడా కనపడనివ్వకు, సగం యానిమేషన్ ఆడేవాళ్ళ కళ్ళే చేసిపెడతాయి. మనిషి కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, నీ గేమ్‌లో లాంతరు ఆర్పిన అర సెకనుకే అంతా నీలంగా కనపడిపోతోంది. మీరు గేమ్ కడుతున్న అన్‌రియల్ ఇంజిన్‌లో ఆటో ఎక్స్‌పోజర్‌కి, అంటే వెలుగుని బట్టి స్క్రీన్ దానంతటదే సర్దుకోవడానికి, స్పీడ్ అప్, స్పీడ్ డౌన్ వేరువేరుగా ఉంటాయి కదా, చీకట్లోకి వెళ్ళేటప్పుడు బాగా నెమ్మది చెయ్యి, పదిహేను సెకన్లు ఏమీ కనపడకపోయినా పర్లేదు. టెస్టర్లు విసుక్కుంటారు, కొంచెం ఓర్చుకో.

సౌండ్‌లో ఒక్కటే చెప్తా, ఆ వయొలిన్లు తీసెయ్. కీచురాళ్ళు ఎంచక్కా అరుస్తూ ఉండాలి, కొరివి ఉన్న వైపు మాత్రం ఆగిపోవాలి. రాత్రిపూట ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే మూడోసారికి గానీ పలకొద్దని మన ఇళ్ళల్లో చెప్తారుగా, అదీ వాడుకో, ప్లేయర్‌కి పలికే బటన్ ఇచ్చి, పిలుపులు మాత్రం రెండింటితోనే ఆపేయ్.

అడవిలో పైన్ చెట్లెందుకున్నాయి? రెడీమేడ్ మోడల్స్ ఉండే ఆస్సెట్ ప్యాక్‌లో వచ్చాయని తెలుసు, తీసెయ్. మన ఏజెన్సీలో పనస, చింత, ఇప్ప, జీలుగ, కిందికొస్తే జీడిమామిడి తోటలు. ఎండాకాలంలో, వానలకి ముందు, పోడు కోసం కొట్టి ఎండబెట్టిన చెత్త తగలబెడతారు, రాత్రి కింద ఊళ్ళోంచి చూస్తే కొండ మీద మంటలు బారులు తీరి కనపడతాయి. ఆ వరసలో ఒక్క మంట మిగతావాటితో పాటు ఆరకపోతే? నీ గేమ్‌లో పెద్ద సీన్ అక్కడుంది చిన్నీ, గుహలో కాదు.

గుహ అన్నాను కాబట్టి, దాంట్లో గోడ మీద సవర గిరిజనులు వేసుకునే బొమ్మలు వేసి, వాళ్ళ దేవుడే దయ్యాన్ని పంపినట్టు రాశావు. అది నాకు నచ్చలేదు. ఇడిసింగ్ అంటే వాళ్ళు ఇంటి గోడ మీద దేవుడికీ చనిపోయిన పెద్దలకీ వేసుకునే బొమ్మ, ఇప్పటికీ దానికి మొక్కుతున్న మనుషులున్నారు. మన ఇంట్లో తాతమ్మ ఫోటోని ఎవరో రాక్షసి గూటికి తగిలిస్తే నువ్వు ఊరుకుంటావా? కొరివి దయ్యం మన ఊళ్ళో కథ, మన చెరువు గట్టు మీద పుట్టింది, దాన్ని అక్కడే ఉంచు. సవర పాత్ర కావాలంటే అక్కడికెళ్ళి వాళ్ళతో మాట్లాడి, ఒప్పుకుంటే పెట్టు.

ముందు ఆ పన్నెండడుగుల మోడల్ పక్కన పెట్టేసి, ఒక చెరువు, ఒక గట్టు, ఒక వెలుగు, ఇంతవరకే చేసి పంపు. ఏప్రిల్‌లో సెలవు దొరికితే మీ ముగ్గురూ రండి, రాత్రి అదే గట్టు మీదికి తీసుకెళ్తా, ఫోన్లు ఇంట్లోనే పెట్టి రావాలి, అరగంట మాట్లాడకుండా కూర్చోవాలి. గట్టు మీద తుమ్మముళ్ళుంటాయి, చెప్పులు కాదు, బూట్లు తెచ్చుకోండి.

మావయ్య