చిన్న పిల్లల ఇంగ్లీష్ క్లాసులో ప్రేమికుల రోజు గురించి ఏం చెప్పాలి? అసలు చెప్పాలా?

ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి ఇంగ్లీష్ చెబుతున్నాననీ, ఫిబ్రవరిలో వాలెంటైన్స్ డే పాఠం వస్తోందనీ, ఆ మాట ఎత్తగానే క్లాసంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకుని కిసుక్కుమంటున్నారనీ, ఇంట్లోవాళ్లు ఏమంటారోనని టెన్షన్‌గా ఉందనీ రాశారు. ఏ సంప్రదాయాలు చెప్పాలి, ఏవి వదిలేయాలి అన్నది మీ ప్రశ్న. నేనూ ఈ వయసు పిల్లలకే ఇంగ్లీష్ చెబుతాను, ఈ పాఠం మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. ఆ పాఠంలో భాషకి పనికొచ్చేది కార్డు ఒక్కటే. అదీ ఒక పిల్ల ఇంకో పిల్లాడి గురించి తను కళ్లారా చూసిన సంగతి ఒక్కటి రాసి ఇచ్చే కార్డు. మిగతాదంతా రంగు కాగితాల ఖర్చు.

ఇంట్లోవాళ్ల సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్న విషయం. ఫిన్లాండ్‌లో, ఎస్టోనియాలో ఫిబ్రవరి 14ని స్నేహితుల రోజుగానే జరుపుకుంటారు, జంటల కంటే ఫ్రెండ్సే అక్కడ ముఖ్యం. ఆ ముక్క రెండు వాక్యాల్లో రాసి పాఠానికి ముందే ఇంటికి పంపించండి. అలా పంపడం మొదలుపెట్టాక నాకు ఒక్క ఫోన్ కూడా రాలేదు. పిల్లల నవ్వులు మాత్రం ఆగవు, ఆపక్కర్లేదు కూడా, నిద్రపోయే క్లాసు కంటే నవ్వే క్లాసు నయం.

ఈ రోజుకి పేరిచ్చిన సెయింట్ వాలెంటైన్ కథ జోలికి అసలు పోవద్దు. పాతకాలపు రోమన్ రాజ్యంలో వాలెంటైన్ పేరుతో ఒకరి కంటే ఎక్కువమందే ఉన్నారు, వాళ్ల కథలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఖాయంగా తెలిసింది అంత తక్కువ కాబట్టే క్యాథలిక్ చర్చి 1969లో తన ప్రధాన పండుగల క్యాలెండర్‌లోంచి ఆ పేరు తీసేసింది. పైగా ఏ కథ ఎత్తుకున్నా చివర్లో తల నరకడమే ఉంటుంది, ఇక పీరియడ్ అయ్యేదాకా పిల్లలు అడిగే ప్రశ్నలన్నీ కత్తి గురించే. ఆ రోజుకీ ప్రేమకీ ముడి పెట్టిన తొలివాళ్లలో ఇంగ్లీష్ కవి ఛాసర్ ఒకడు, 14వ శతాబ్దంలో, ఆ రోజున పక్షులు తమ జతల్ని ఎంచుకుంటాయని రాశాడు. పక్షుల ముక్క చెప్పి ముందుకు వెళ్లిపోండి, ఆ వయసుకి అది చాలు.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. ఈ పాఠం పేరు చెప్పి గంటలో ముప్పావు వంతు గుండె బొమ్మలు కత్తిరించడం, జిగురు పూయడం, గ్లిట్టర్ చల్లడంతో సరిపోతుంది. మిగిలిన పావుగంటలో బోర్డు మీద రాసిన వాక్యాన్నే అందరూ ఎక్కించుకుంటారు. గోడ మీద అతికిస్తే ఫోటోకి బ్రహ్మాండంగా ఉంటుంది, అందరి కార్డులోనూ ఒకే వాక్యం, ఎవరిది ఎవరికిచ్చినా తేడా ఉండదు. ఆ గ్లిట్టర్ వేసవి సెలవుల దాకా బెంచీల సందుల్లోంచి వస్తూనే ఉంటుంది, అది వేరే బాధ.

అమెరికా బడుల పద్ధతి అని పాఠాల్లో తరచూ కనిపించేది కూడా నాకు అంతగా నచ్చదు. అక్కడ చాలా చోట్ల పిల్లలు బూట్ల డబ్బాకి రంగు కాగితం అంటించి, పైన సన్నగా సందు కోసి, దాన్ని తమ పోస్టు డబ్బాగా పెట్టుకుంటారు. క్లాసులో అందరి పేర్లతో లిస్టు ఇంటికి వస్తుంది, ఇస్తే అందరికీ ఇవ్వాలి, ఒకరికిచ్చి ఒకరిని వదిలేయకూడదు. ఎవరూ ఖాళీ డబ్బాతో ఇంటికి వెళ్లకూడదన్న ఆలోచన మంచిదే, కాదనను. కానీ షాపులో కొన్న కార్డుల మీద వరసగా పేర్లు రాసే పిల్లకి ఇంగ్లీష్ ఏం వస్తుంది చెప్పండి? చివరి పది కార్డుల మీద సంతకాలు ఎలాగూ అమ్మే పెడుతుంది, నాకు తెలుసు. భాష నేర్చుకునే పిల్లలకి ఒక్కొక్కరికి ఒక్క కార్డు చాలు, చీటీలు తీయించండి. అప్పుడూ ఎవరి డబ్బా ఖాళీగా ఉండదు.

నేను చేసేది చెబుతాను. ఇంగ్లాండ్‌లో నార్ఫోక్ అనే ప్రాంతంలో ఒక పాత ఆచారం ఉంది. వాలెంటైన్స్ డే ముందు రోజు సాయంత్రమో ఆ రోజో ఎవరో తలుపు కొడతారు, వెళ్లి తీస్తే గడప దగ్గర ఒక బహుమతి ఉంటుంది, మనిషి మాత్రం ఉండడు. ఆ కనపడని మనిషిని జాక్ వాలెంటైన్ అంటారు. దీంట్లో ఒక కొంటె రకం కూడా ఉంది, పొట్లానికి దారం కట్టి, పిల్లలు తీసుకోబోయేసరికి లాగేస్తారు. ఈ కథ నేను బల్ల మీద టకటకా కొడుతూ చెబుతాను. తర్వాత చీటీలు తీస్తాం, ఎవరి పేరు వస్తే వాళ్లకి పేరు లేకుండా కార్డు రాయాలి. షరతు ఒక్కటే, అవతలివాళ్లు చేయగా నువ్వు చూసింది రాయాలి. యు ఆర్ నైస్, యు ఆర్ బ్యూటిఫుల్ లాంటివి చెల్లవు.

ఒక క్లాసులో బాగా అల్లరి చేసే అబ్బాయి ఉండేవాడు, నోరు మూసుకున్న క్షణం ఉండేది కాదు. అదే క్లాసులో ఒకమ్మాయి, పిలిస్తే లేచి నిలబడుతుంది, అడిగినదానికి ఒక్క మాటలో జవాబిచ్చి కూర్చుంటుంది. అబ్బాయికి వచ్చిన కార్డులో పెన్సిల్‌తో రెండే వాక్యాలు: యు గివ్ మి ఎరేజర్. యు డు నాట్ ఆస్క్ బ్యాక్. కింద రబ్బరు బొమ్మ, ఒక మూల అరిగిపోయినట్టు గీసి ఉంది.

రాసిందెవరో కనుక్కోవడానికి కార్డు అందుకున్నవాళ్లు నన్ను ఇంగ్లీష్‌లో ప్రశ్నలు అడగాలి, నేను యెస్ గానీ నో గానీ అంటాను. అది ఆ ఆట రూలు. వాడు మొదలుపెట్టాడు. ఈజ్ ఇట్ ఎ బాయ్? నో. డజ్ షి సిట్ నియర్ ద డోర్? నో. డజ్ షి హావ్ లాంగ్ హెయిర్? యెస్. మామూలుగా డజ్ అన్న మాట వాడి నోట పలికించాలంటే నాకు తల ప్రాణం తోకకి వచ్చేది, ఆ రోజు వాడు ఒక్క డజ్ కూడా వదల్లేదు. వాడి ఇబ్బందల్లా రబ్బరు ఎవరికిచ్చాడో వాడికి గుర్తు లేకపోవడమే. మిగతా అందరికీ అర్థమైపోయింది, వాడు ఇంకా కిటికీ వైపు వరసలోనే వెతుకుతున్నాడు.

చివరికి ఆ అమ్మాయే చెయ్యెత్తింది. ఇట్ ఈజ్ మి, అని పెన్సిల్ బాక్స్ తెరిచి ఆకుపచ్చ రబ్బరు ముక్క తీసి చూపించింది. వాడు చూశాడు, గుర్తుపట్టాడు, వెంటనే గట్టిగా అరిచాడు: గివ్ బ్యాక్! క్లాసంతా ఘొల్లుమంది. ఆ పిల్ల నవ్వలేదు. రబ్బరు తీసి బాక్సులో పెట్టుకుని, మూత వేసి, చాలా నింపాదిగా అంది: నో. కార్డ్ ఈజ్ యువర్స్. ఎరేజర్ ఈజ్ మైన్.

అన్ని వాక్యాలు ఆ పిల్ల నోటి నుంచి ఒకేసారి రావడం నేను అదే మొదటిసారి వినడం. ఏ వర్క్‌షీటూ చేయించలేని పని అది. ఆ సాయంత్రం కార్డులు చూసిన ఒక పెద్దమనిషి ఎరేజర్ ముందు ఆర్టికల్ లేదండీ, గివ్ కాదు గేవ్ ఉండాలి, మీరు దిద్దలేదేం అని అడిగారు. దిద్దను. అది ఉత్తరం, పరీక్ష పేపరు కాదు. ఉత్తరం మీద ఎర్ర పెన్ను పెట్టిన మర్నాటి నుంచి పిల్లలు తప్పు రాని వాక్యాలు మాత్రమే రాస్తారు, అంటే మళ్లీ యు ఆర్ నైస్. గేవ్ సంగతి మర్నాడు బోర్డు మీద వేరే ఉదాహరణతో చెప్పుకోవచ్చు, కొంపలేం మునగవు.

కార్డుల చరిత్రలో పిల్లలకి పట్టే ముక్కలు చాలానే ఉన్నాయి, సెయింట్ కంటే ఎన్నో రెట్లు బాగుంటాయి. బ్రిటన్‌లో 1840కి ముందు ఉత్తరానికి డబ్బు సాధారణంగా అందుకున్నవాళ్లే కట్టేవాళ్లు. ఆ ఏడాది పెన్నీ పోస్టేజ్, అంటే పంపేవాళ్లే ఒక్క పెన్నీ కట్టి ఉత్తరం పంపే పద్ధతి, వచ్చాక కార్డుల జోరు పెరిగింది. ఆ రోజుల్లోనే వెనిగర్ వాలెంటైన్స్ అని వెక్కిరింపు కార్డులు కూడా ఉండేవి, నీ ముక్కు ఇంత పొడుగు, నీ గొప్పలు అంత పొడుగు అనే తరహావి, పేరు లేకుండా పంపేవాళ్లు. తిట్టించుకోవడానికి ఎదురు డబ్బు కట్టాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించమంటే పిల్లలు ఊగిపోతారు. వెనిగర్ కార్డులు మాత్రం చెప్పి వదిలేయండి, రాయించొద్దు.

అమెరికాలో ఎస్తర్ హౌలాండ్ కథ ఇంకా బాగుంటుంది. 1847లో చదువు ముగించి వచ్చిన ఆవిడకి ఇంగ్లాండ్ నుంచి వచ్చిన ఒక లేసు కార్డు కంటపడింది, ఇంతకంటే బాగా నేను చేయగలను అనుకుంది. నాన్నది స్టేషనరీ వ్యాపారం, అన్నదమ్ముల్లో ఒకరు నమూనాలు పట్టుకుని ఊళ్లు తిరిగారు. 200 డాలర్ల ఆర్డర్లు వస్తే చాలనుకుంటే 5,000 డాలర్లకి పైగా వచ్చాయని చెబుతారు. ఇక స్నేహితురాళ్లని కూర్చోబెట్టి, ఒకరు కత్తిరిస్తే ఒకరు అంటిస్తే ఒకరు బొమ్మలు పెట్టేలా పని పంచింది. అన్ని ప్రేమ కార్డులు అమ్మిన ఆవిడ పెళ్లి మాత్రం చేసుకోలేదు.

అక్షరాలు ముద్రించిన గుండె ఆకారపు మిఠాయిలు కూడా వాడుకోవచ్చు, తినడానికి కాదు, రాయడానికి. ఆ మిఠాయి మీద మాటలు ముద్రించే పద్ధతి 1866 నాటిది, గుండె ఆకారం 1902లో వచ్చింది. చిన్న కాగితపు గుండె మీద రెండు మూడు మాటలే పట్టాలంటే పిల్లలు నిజంగా ఆలోచిస్తారు. 1990లలో ఆ మిఠాయిల మీద ఫ్యాక్స్ మి అని కూడా వేశారు, అది చెబితే ఫ్యాక్స్ అంటే ఏంటని అడుగుతారు, ఆ రోజు పాఠం అటే పోతుంది, పోనివ్వండి.

జపాన్ సంగతి పెద్దవాళ్లకి చెప్పాల్సింది నిజానికి. అక్కడ ఫిబ్రవరి 14న ఆడవాళ్లు మగవాళ్లకి చాక్లెట్లిస్తారు, మార్చి 14న వైట్ డే అని మగవాళ్లు తిరిగిస్తారు. ఆఫీసులో మొహమాటానికి అందరికీ పంచే చాక్లెట్లని గిరి చోకో అంటారు. 2018లో చాక్లెట్ కంపెనీ గొడైవానే పత్రికలో పేజీ నిండా ప్రకటన వేసి, ఇక ఈ మొహమాటపు చాక్లెట్లు మానేద్దామంది. అమ్మేవాళ్లకే విసుగొచ్చిందంటే చూడండి. అందరికీ తప్పనిసరిగా ఇవ్వాలన్న క్లాసు లిస్టు మీద నా కోపమూ అదే.

కొంచెం పెద్ద పిల్లలుంటే అడ్రసు రాయడం దీంతోనే నేర్పండి. అమెరికాలో కొలరాడోలోని లవ్‌లాండ్ ఊరికి 1947 నుంచి జనం తమ కార్డులు పంపుతున్నారు. స్టాంపు అంటించి అడ్రసు రాసిన కార్డుని ఇంకో పెద్ద కవర్లో పెట్టి పంపితే, అక్కడ వాలంటీర్లు దాని మీద చిన్న కవితతో ముద్ర వేసి మళ్లీ పోస్టు చేస్తారు. ఒక కవర్లో ఇంకో కవరు, రెండింటి మీదా వేరే వేరే అడ్రసులు, పిల్లలకి ఇది భలే నచ్చుతుంది.

చీటీల గురించి ఒక్క మాట. తనకి పడనివాడి పేరు వచ్చిందని చీటీ మార్చుకుంటానంటారు, ఒప్పుకోవద్దు. అలా ఏడుపు మొహం పెట్టిన ఒకడు చాలాసేపు పెన్సిల్ నములుతూ కూర్చుని, రన్నింగ్‌లో ఎప్పుడూ తనని ఓడించేవాడికి ఇలా రాశాడు: యు రన్ ఫాస్ట్. ఐ డోంట్ లైక్ ఇట్. షరతు ప్రకారం అది చూసిన సంగతే కదా, పైగా తప్పుల్లేని ఇంగ్లీష్, కార్డు డబ్బాలో వేసేశాం.