సెలవులు పిల్లలకు.. ఊపిరాడనిది నాకు, ఏం చేయాలి డాక్టర్ గారూ?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నా వయసు 34. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదు. సెలవులిచ్చిన వారంలోనే హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు పిల్లలిద్దరూ దిగారు, మళ్లీ బళ్లు తెరిచేదాకా ఇక్కడే. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. మావారు రొయ్యల మేత కంపెనీలో పని చేస్తారు, రాత్రి తొమ్మిదికి గానీ రారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి గుండె దడ, సాయంత్రానికి తలనొప్పి. ప్రతిదానికీ అరుస్తున్నాను. మొన్న పాప మజ్జిగ గ్లాసు తన్నేసిందని వీపు మీద ఒక్కటి వేస్తే వేళ్ల అచ్చులు పడ్డాయి, రాత్రి అవి చూసి ఏడ్చాను. నాకేమైనా మానసిక జబ్బా? మాత్రలు వాడాలా? ఆవకాయ పని ఇంకా మొదలే పెట్టలేదు.
– కోనసీమ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: మీరు రాసినంతలో ఇప్పటికిప్పుడు మనసుకి మాత్రలు మొదలుపెట్టాల్సిన అవసరమైతే నాకు కనపడటం లేదమ్మా. అలాగని ‘అందరికీ ఉండేదేలే’ అని పంపించేయను. దడ, తలనొప్పి, పట్టలేని కోపం ఈ మూడూ కలిసి వచ్చాయంటే నేను ముందు అడిగేది రక్తం గురించి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. హిమోగ్లోబిన్ 12 ఉండాల్సింది తొమ్మిదో పదో ఉంటే నాలుగు మెట్లెక్కినా దడే, చిన్న మాటకీ చిరాకే. నెలసరిలో ఎక్కువ పోతుంటే ఆ సంగతి తప్పకుండా డాక్టర్‌కి చెప్పండి, మన ఆడవాళ్లు అది అడిగితే తప్ప చెప్పరు. థైరాయిడ్ కూడా చూపించుకోండి, అది ఎక్కువగా పనిచేస్తుంటే అచ్చం టెన్షన్‌లాగే ఉంటుంది. రక్తం తక్కువని తేలితే డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు వేసుకోవాలి, బెల్లం తింటూ కూర్చుంటే సరిపోదు. మాత్రకి ముందూ వెనకా ఓ గంట కాఫీ, టీ వద్దు.

మధ్యాహ్నం అన్నం ఎన్నింటికి తింటున్నారో మీరు రాయలేదు. నా అంచనా చెప్పనా, పిల్లలకీ అత్తగారికీ పెట్టి, గిన్నెలు సింకులో పడేసి, మూడింటికి అడుగున మిగిలిన పులుసేదో కలుపుకుని నిలబడే తింటున్నారు, అప్పటిదాకా కడుపులో ఉన్నది రెండు కాఫీలు. మన డెల్టాలో ఎండ కంటే ఉక్కపోత పీడ ఎక్కువ, చెమట ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడదు, అందులో పొయ్యి ముందు గంటలకొద్దీ నిలబడితే సాయంత్రానికి తల పగిలిపోకుండా ఎలా ఉంటుంది? పిల్లలతో పాటే కూర్చుని తినేయండి. ఉప్పేసిన మజ్జిగ మీరూ తాగండి.

ఇక అసలు సంగతి. బడి ఉన్నప్పుడు పొద్దున్నించి సాయంత్రం దాకా పిల్లల పూచీ టీచర్లది. ఆ గంటలన్నీ ఏప్రిల్ చివర్లో ఒక్కసారిగా మీ నెత్తిన పడ్డాయి, పైగా ఇద్దరు కాస్తా నలుగురయ్యారు. మీ ఓపికేమీ తగ్గిపోలేదు, పనే రెట్టింపైంది. పనంతా అయ్యాక కాసేపు నడుం వాలుద్దాం అని మీరు అనుకుంటూ ఉంటారు కదా, ఆ ‘అయ్యాక’ జూన్ రెండో వారం దాకా రాదు. అందుకని పని మధ్యలోనే, రోజూ ఒకే టైముకి, ఓ గంట పిల్లల్ని ఇంకొకరికి అప్పగించేయాలి. మూడు నుంచి నాలుగు దాకా అనుకుందాం. అత్తగారికి మోకాళ్లే కదా నొప్పి, వసారాలో కుర్చీ వేసుకుని అష్టాచెమ్మా ఆడించగలరు. ఆ గంటలో ఎవరు ‘అమ్మా’ అని వచ్చినా, ‘అత్తా’ అని వచ్చినా ‘పెద్దావిణ్ణి అడుగు’ అనండి, తలుపు వేసుకుని పడుకోండి. మొదటి రెండు మూడు రోజులు ఆ గంటలోనూ పిలుస్తూనే ఉంటారు, లేచి వెళ్లకండి. రాత్రి మీవారు వచ్చాక పిల్లల పక్కలు వేయడం, నిద్రపుచ్చడం ఆయన వంతు. అలిసిపోయి వచ్చానంటారు, నిజమే, కానీ మీరూ అలిసిపోయే ఉన్నారు.

ఆడపడుచుతో మాట మీ చేత కాదు, ఆయన చేత అనిపించండి, ఆవిడ ఆయన చెల్లెలో అక్కో కదా. ‘పిల్లలు ఉంటే మాకూ సంతోషమే, నువ్వూ వచ్చి వారం ఉండు, లేదా ఈసారి పదిహేను రోజులుంచి పంపిస్తాం’ అంటే ఎవరూ నొచ్చుకునే పనిలేదు. అదే మాట మీరంటే ఏళ్ల తరబడి చెప్పుకుంటారు, అది నాకూ తెలుసు.

తొమ్మిదేళ్లవాడు సీసాల్లో నీళ్లు నింపగలడు, ఉతికిన బట్టలు మడతపెట్టగలడు. బోరు కొడుతోందంటే కొట్టనివ్వండి, వాళ్లే ఏదో ఒక ఆట పెట్టుకుంటారు. మధ్యాహ్నం ఓ గంట టీవీ చూస్తే కొంప మునిగిపోదు గానీ, పడుకునే ముందు ఫోన్ మాత్రం చేతికివ్వకండి, వాళ్ల నిద్రతో పాటు మీ నిద్రా పోతుంది. ఒక్క విషయంలో మాత్రం సర్దుకోవద్దు. వేసవిలో కాలువలు కట్టేశారు కదా అని పిల్లల్ని అటు వదలకండి, గుంటల్లో నీళ్లుంటాయి, పక్కనే చేపల చెరువులూ ఉంటాయి. పెద్దవాళ్లు ఒకరు కళ్లారా చూస్తూ ఉంటేనే నీళ్ల దగ్గరికి.

చెయ్యి లేవబోతున్నట్టు మీకు ముందే తెలుస్తుంది, దవడ బిగుసుకుంటుంది, చెవులు వేడెక్కుతాయి. అప్పుడు పాప నుంచి రెండు గజాలు వెనక్కి జరిగి, పెరట్లోకి వెళ్లి ముఖాన నీళ్లు కొట్టుకోండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, అలా ఓ పదిసార్లు. మొన్నటి దెబ్బ గురించి పాపతో ‘నిన్ను కొట్టడం నాదే తప్పు’ అని ఒక్కసారి చెప్పండి, ఐదేళ్ల పిల్లకి ఆ మాట బాగానే అర్థమవుతుంది.

ఆవకాయ అంటారా, ఈ ఏడు సగం పెట్టండి. కాయలు కొట్టించి తేవడం మీవారి పని, ముక్కల్లో జీడి తీసి బట్టతో తుడిచే పని ఆ నలుగురు పిల్లలది. ముక్కలు కొన్ని వాళ్ల నోట్లోకి పోతాయి, పోనీండి.

రెండు వారాల పాటు రోజంతా దిగులుగా ఉన్నా, దేని మీదా ఇష్టం పుట్టకపోయినా, పిల్లలు పడుకున్నాక కూడా మీకు నిద్ర పట్టకపోయినా డాక్టర్‌ని కలవండి, అప్పుడు మాత్రలు రాస్తే సిగ్గుపడకుండా వాడండి. ‘నేను లేకపోతేనే బాగుండు’ అనో, పిల్లల్ని ఏం చేసేస్తానో అనో అనిపిస్తే మాత్రం ఇంట్లో ఒకరికి వెంటనే చెప్పి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి. మనసు బాధలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, దాని నంబరు 14416, ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

టెస్టులకి ఈ వారంలోనే వెళ్లండి. హిమోగ్లోబిన్ మీ పీహెచ్‌సీలోనే చూస్తారు. పరగడుపున వెళితే షుగర్ కూడా అయిపోతుంది. పిల్లల్ని మాత్రం ఒక్కరిని కూడా వెంటబెట్టుకుని వెళ్లకండి.