హెలికాప్టర్ పిస్టన్ ఇంజిన్లలో స్టార్టర్, రింగ్ గేర్ పళ్లు ఎందుకు పోతాయి?

కావలి దగ్గర రొయ్యల చెరువుల్లో డీజిల్ ఇంజిన్లు బాగుచేసే తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. అసలు కారణం ఎక్కువగా ఎదురుదెబ్బే, అంటే కిక్‌బ్యాక్.

చిన్న విమానంలో బరువైన ప్రొపెల్లరే ఫ్లైవీల్ (ఇంజిన్ తిరుగుడును నిలకడగా ఉంచే బరువు చక్రం) పని చేస్తుంది. రాబిన్సన్ ఆర్‌22, ఆర్‌44 అనే చిన్న హెలికాప్టర్లలో స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్‌ను రోటర్‌కు (పైన తిరిగే రెక్కలకు) కలిపే బెల్టులు వదులుగా ఉంటాయి, రోటర్ బరువు ఇంజిన్ మీద ఉండదు, కాబట్టి ఆ సాయం అంతగా దొరకదు. బ్యాటరీ డౌనై ఇంజిన్ నెమ్మదిగా తిరిగినా, మాగ్నెటో (ప్లగ్గులకు స్పార్క్ ఇచ్చే పరికరం) టైమింగ్ తప్పినా, పిస్టన్ పైకి చేరకముందే మంట అంటుకుని క్రాంక్ వెనక్కి తన్నుతుంది. అప్పుడు పినియన్ (స్టార్టర్ చివరి చిన్న పళ్ల చక్రం) ఇంకా రింగ్ గేర్‌లోనే (ఇంజిన్‌తో తిరిగే పెద్ద పళ్ల చక్రంలోనే) ఉంటుంది. ఆ దెబ్బకు పళ్లు విరుగుతాయి, ఒక్కోసారి స్టార్టర్ హౌసింగే పగులుతుంది. ఇంజిన్ పూర్తిగా ఆగకముందే మళ్లీ స్టార్టర్ నొక్కినా పళ్ల అంచులు చెక్కుకుపోతాయి.

ఇంకో సంగతి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ కంప్రెషన్ వల్ల దాదాపు ఎప్పుడూ ఒక చుట్టులో రెండే చోట్ల ఆగుతుంది. అందుకే అరుగుదల ఎక్కువగా అక్కడే కనిపిస్తుంది. టార్చ్ వేసి రింగ్ మొత్తం తిప్పి చూడాలి. పళ్లు పోయిన రింగ్‌ను అలాగే ఉంచి స్టార్టర్ ఒక్కటే మార్చొద్దు, కొత్త పినియన్ కూడా త్వరగా పోతుంది. ముందు మాగ్నెటో, బ్యాటరీ సరిచేయించండి.