కౌన్సిల్ నుంచి మా పాప బరువు గురించి ఉత్తరం వచ్చింది, పట్టించుకోవాలా?

తూర్పు లండన్‌లో రిసెప్షన్ (నాలుగైదేళ్ల పిల్లల మొదటి తరగతి) చదువుతున్న మీ పాపను బడిలో తూచి, వయసుకు మించిన బరువుందని కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఉత్తరం పంపిందని రాశారు. మీ అత్తగారు చాలా నొచ్చుకున్నారన్నారు. ఇలా ఉత్తరాలు రాయడం తప్ప కౌన్సిల్ చేసేదేమైనా ఉందా అని అడిగారు. ఉందండీ. నన్నడిగితే ఆ ఉత్తరం కన్నా మిగతా పనులే ఎక్కువ మేలు చేస్తాయి. మా అబ్బాయికీ అదే వయసులో అలాంటి ఉత్తరమే వచ్చింది కాబట్టి ఇంత గట్టిగా చెప్పగలుగుతున్నాను.

ఇంగ్లండ్ అంతటా 2005-06 విద్యాసంవత్సరం నుంచి రిసెప్షన్, ఇయర్ సిక్స్ (పది పదకొండేళ్ల వారు చదివే, ప్రాథమిక బడిలో చివరి తరగతి) పిల్లల ఎత్తు, బరువు కొలుస్తున్నారు. 2013లో ప్రజారోగ్యం స్థానిక సంస్థల చేతికి వచ్చాక ఆ బాధ్యత కౌన్సిళ్లది. ఎదుగుదల పట్టికలో 91వ సెంటైల్ చేరితే, అంటే అదే వయసు పిల్లలు వందమందిని వరుసలో నిలబెడితే 91వ స్థానం దగ్గరకు వస్తే, అధిక బరువు, 98వది చేరితే మరీ ఎక్కువ అని రాస్తారు. ఇందులో మీ పెంపకం మీద తీర్పేమీ లేదు. కొలవవద్దని తల్లిదండ్రులు ముందే చెప్పుకోవచ్చు కానీ, మన పిల్లలను కొలవనివ్వడమే మంచిదంటాను. బీఎంఐ (ఎత్తుకు తగిన బరువుందా అని చూసే లెక్క) ఒకటే అయినా దక్షిణాసియా పిల్లల ఒంట్లో కొవ్వు శాతం ఎక్కువగా ఉంటుంది. ఆ పట్టికలో అది తెలియదు. అందుకే 'సరైన బరువు' అని ఉత్తరం వచ్చిన ఇళ్లలో కూడా నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఇంగ్లండ్‌లో రిసెప్షన్ పిల్లల్లో సుమారు పది మందిలో ఒకరికి ఊబకాయం ఉంటే, ఇయర్ సిక్స్‌కు వచ్చేసరికి ఐదుగురిలో ఒకరిని మించిపోతోంది. ఆ మధ్య ఏళ్లలోనే కౌన్సిల్ పని ఉంది.

అందులో మొదటిది బడి భోజనం. తూర్పు లండన్‌లోని న్యూహామ్ కౌన్సిల్ 2009 నుంచే ప్రాథమిక పాఠశాల పిల్లలందరికీ ఉచితంగా పెడుతోంది. 2023 సెప్టెంబరు నుంచి లండన్ మేయర్ నిధులతో నగరమంతటా ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో పై తరగతుల పిల్లలకూ ఇస్తున్నారు. దానికి ప్రమాణాలున్నాయి. నూనెలో వేయించినవి వారానికి రెండుసార్లకు మించకూడదు, మిఠాయిలు, చాక్లెట్లు పెట్టకూడదు. ఇంటి నుంచి వెళ్లే డబ్బాకు ఆ ప్రమాణాలు వర్తించవు. మనం తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు సర్ది, పక్కన చిప్స్ పొట్లం పెట్టి పంపినా ఆ ప్రమాణాలు అడ్డురావు. దయచేసి పాపను బడి భోజనానికి అలవాటు చేయండి. శాకాహారం కూడా ఉంటుంది.

వీధి సంగతి కష్టం. బడి వదలగానే పెద్ద పిల్లలు వేయించిన చికెన్ దుకాణాల ముందు గుమిగూడటం మీరూ చూసే ఉంటారు. బడులకు 400 మీటర్లలోపు అలాంటి కొత్త దుకాణాలకు అనుమతి ఇవ్వకుండా లండన్‌లోని వాల్తమ్ ఫారెస్ట్ కౌన్సిల్ 2009లోనే నిబంధన పెట్టింది. ఉన్నవాటిని మూయించే అధికారం దానికి లేదు కాబట్టి ఫలితం నెమ్మదిగానే వస్తుంది. 2019 ఫిబ్రవరిలో బస్సులు, ట్యూబ్ (భూగర్భ రైలు) స్టేషన్లలో కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి ప్రకటనలను మేయర్ ఆపించారు. ఆ ప్రకటనలు కొనసాగి ఉంటే జరిగేదానికన్నా ఒక్కో ఇంట్లో అలాంటి తిండి కొనుగోళ్లు వారానికి సుమారు వెయ్యి కేలరీల మేర తక్కువగా ఉన్నాయని పరిశోధకుల అంచనా. ఎవరికీ ఉత్తరం రాయకుండా, ఏ తల్లినీ బాధపెట్టకుండా జరిగిన పని అది. ఇలాంటివే ఇంకా కావాలని మన కౌన్సిలర్లను గట్టిగా అడగాలి.

ఇక పిల్లల తిండి, ఆటల గురించి కౌన్సిల్ కుటుంబాలకు పెట్టే ఉచిత తరగతులు. మా తరగతి లీజర్ సెంటర్‌లో జరిగేది. పిల్లలు హాల్లో ఆడుకుంటుంటే పెద్దలం పక్క గదిలో కూర్చునేవాళ్లం. రోజూ ఇంట్లో ఎంత పోస్తారో అంతే సీరియల్ (పొద్దున పాలలో వేసుకు తినే ధాన్యపు అటుకులు) గిన్నెలో పోయమని శిక్షకురాలు అందరికీ తలా ఒక పెట్టె ఇచ్చింది. తర్వాత తూచి చూపించింది. పెట్టె మీద ఒకసారికి 30 గ్రాములని ఉంటే దాదాపు ప్రతి గిన్నెలో దానికి రెట్టింపుంది. అన్నం మాటేమిటని అడిగితే, తర్వాతి వారం అన్నం వండి తెచ్చి, నేను తీసుకెళ్లిన స్టీలు గరిటెతోనే కొలిచి చూపింది. నాకు బాగా నచ్చిందేమిటంటే, పిల్లల ముందు ఆవిడ ఒక్కసారి కూడా బరువు ఊసెత్తలేదు. మీరూ ఆ ఉత్తరాన్ని పాప కంట పడనీయకండి. కౌన్సిళ్లకు వచ్చే ప్రజారోగ్య నిధులు 2015 తర్వాత బాగా తగ్గాయి. ఇలాంటి తరగతులకు జనం రాకపోతే అవి కూడా పోతాయని నా భయం.

ఎత్తు పెరిగే వయసు కాబట్టి పాపకు పథ్యాలు పెట్టకండి. ఈ వయసులో బరువు తగ్గించడం కన్నా, ఉన్న బరువు మరీ పెరగకుండా చూసుకుంటే సాధారణంగా ఎత్తుతో సరిపోతుంది. అనుమానముంటే జీపీని (మీ కుటుంబ వైద్యుణ్ని) కలవండి. మా ఇంట్లో పెద్ద మార్పు వచ్చింది మా అమ్మ వల్లనే. ఫోను చూపిస్తూ, అందులో కార్టూన్ అయిపోయేదాకా 'ఇంకో ముద్ద' అంటూ తినిపించడం మానేసి, మా అబ్బాయి చేతే కలుపుకొని తిననిచ్చింది. తరగతికి వచ్చి తన కళ్లతో చూసింది కాబట్టే ఒప్పుకుంది. నేను చెబితే వినేది కాదు. ఉత్తరంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసినప్పుడు తరగతికి మీ అత్తగారిని వెంట తీసుకురావచ్చా అని తప్పకుండా అడగండి. మా దగ్గర అమ్మను రానిచ్చారు.