సింధు నాగరికత వరదల్లో కొట్టుకుపోయిందా?

మొహెంజొదారో, లోథాల్ లాంటి ఊళ్లు వరదల వల్లే అంతరించాయని చిన్నప్పుడు పాఠంలో చదివాం, అది నిజమేనా అని అడిగారు. వరదలు వచ్చిన మాట నిజమే, అదీ మళ్లీ మళ్లీ వచ్చాయి. వాటి వల్లే ఊళ్లు పోయాయంటే మాత్రం నాకు నమ్మకం కుదరదు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాదు. కోనసీమలో ఓ లంకలో పుట్టి పెరిగాను, ఉద్యోగరీత్యా అహ్మదాబాద్‌లో ఉన్నప్పుడు వీలు చూసుకుని లోథాల్ వెళ్లేవాణ్ని. వరదొస్తే ఊరివాళ్లు ఏం చేస్తారో తెలిసినవాణ్ని కాబట్టి అక్కడి కట్టడాలను ఆ కంటితోనే చూశాను.

మా వైపు ఎవరైనా ఇల్లు మొదలుపెడితే ముందు అడిగేది "86 నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?" అనే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఆ తర్వాత మా ఊళ్లో పునాదులన్నిటికీ అదే కొలత. చేతిలో డబ్బున్నవాడు ఆ గీతకి ఇంకో అడుగు పైకి మెరక తోలిస్తాడు. లేనివాడు ఉన్న నేల మీదే కట్టుకుని, ఎర్రనీళ్లు రాగానే సామాన్లు అటకెక్కించి ఏటిగట్టు మీదకు చేరతాడు. నీరు తీశాక ఇంటినిండా ఒండ్రే. దాన్ని పారతో ఎత్తిపోస్తూ గోదారిని నానా తిట్లూ తిట్టిన మనిషే, చేలో పడ్డ ఒండ్రులో కూరగాయలు వేసి పంట బాగుందని మురిసిపోతాడు. వరదకి ఊరు వదిలి వెళ్లిన కుటుంబం నాకు తెలిసి లేదు. వెళ్లినవాళ్లంతా కోత వల్ల వెళ్లారు. ఏరు దారి జరుపుకుని కొబ్బరితోటలూ ఇళ్ల స్థలాలూ లాక్కుపోతే, మెరక తోలుదామన్నా నేలంటూ ఉండాలి కదా!

లోథాల్‌లో పురావస్తు శాస్త్రవేత్త ఎస్.ఆర్. రావు గారు 1955లో తవ్వకాలు మొదలుపెట్టారు. ఇళ్ల పొరల నడుమ వరద ఒండ్రు బయటపడింది. మునిగిన ప్రతిసారీ జనం పచ్చి ఇటుకలతో దిమ్మెలు కట్టి, వాటి మీద మళ్లీ ఇళ్లు లేపారు. ఎత్తు దిమ్మె గిడ్డంగికి దక్కింది, దాదాపు మూడున్నర మీటర్లు. అక్కడ దొరికిన మట్టి ముద్రల వెనకవైపు చాప నేత, తాళ్ల అచ్చులు ఉన్నాయి. సరుకు మూటలకి వేసిన సీళ్లన్నమాట. ఊరి పెద్దల ఇళ్లు కూడా ఆ ఎత్తు భాగంలోనే. పూసలు చేసేవాళ్లూ మామూలు జనమూ దిగువన, తక్కువ ఎత్తు దిమ్మెల మీద. ఎవరి గడప ఎంత ఎత్తున ఉండాలో అప్పుడు కూడా డబ్బే తేల్చినట్టుంది.

రావు గారి లెక్క ప్రకారం క్రీ.పూ. 1900 ప్రాంతంలో ఒక పెద్ద వరద వచ్చింది, దాని తర్వాత లోథాల్ మునుపటి స్థితికి రాలేదు. పాఠాల్లోకి ఎక్కింది ఈ ఒక్క ముక్కే. కానీ ఆ వరద తర్వాత కూడా జనం అక్కడే ఉన్నారు. దిమ్మెల్లేవు, పద్ధతైన మురుగు కాలువల్లేవు, రెల్లూ మట్టీ కలిపి వేసుకున్న గుడిసెలు. ఇన్నిసార్లు లేపి కట్టినవాళ్లు ఈసారి ఎందుకు కట్టలేదు? అప్పటికి మెసొపొటేమియాతో వ్యాపారం చితికిపోయింది. కట్టించే స్తోమత ఉన్నవాళ్లు లేరు. పైగా నది కూడా పక్కకి తప్పుకుంది. సబర్మతి ఒకప్పుడు లోథాల్ పక్కనుంచే పారేదని 2024లో ఐఐటీ గాంధీనగర్ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలతో చూపించారు. ఇప్పుడది 20 కిలోమీటర్ల దూరంలో ఉంది.

మొహెంజొదారో నేను చూడలేదు, అది పాకిస్తాన్‌లో ఉంది కాబట్టి చూసే దారీ లేదు. ఫొటోల్లో ఆ బావులు చూడండి. చుట్టూ మట్టి తవ్వేసరికి పొగగొట్టాల్లా నిలబడ్డాయి. వీధి మట్టం పెరిగినప్పుడల్లా బావి గట్టు మీద ఇంకో నాలుగు వరసల ఇటుక పేర్చుకుంటూ పోయారు. 1960ల్లో రాబర్ట్ రైక్స్ అనే జలశాస్త్రవేత్త ఒక సిద్ధాంతం తెచ్చాడు. దిగువన నేల పైకి లేచి సింధుకి అడ్డుకట్ట పడిందని, ఊరు ఆ నిలవనీటిలో మునిగిందని. సింధ్‌లో అధికారిగా పనిచేసిన హెచ్.టి. లాంబ్రిక్ దాన్ని కొట్టిపారేశాడు. అలాంటి మట్టికట్టని సింధు ఇట్టే కోసుకుపోతుందని, నది దారి మార్చుకుని ఊరికి దూరమవడమే అసలు దెబ్బ అని ఆయన వాదన. ఆ నదిని దగ్గరుండి చూసిన మనిషి మాట కాబట్టి నా ఓటు ఆయనకే.

ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు కథని ఇంకాస్త తిప్పాయి. 2012లో భూగర్భ శాస్త్రవేత్త లివియు గియోసాన్ బృందం చెప్పింది ఇది: రుతుపవనాలు బలహీనపడేకొద్దీ నదుల్లో వరద తగ్గింది, వరద తడి మీద ఆధారపడిన సేద్యం దెబ్బతింది, జనం వానలు నమ్మకంగా పడే తూర్పు వైపుకి జరిగారు. అంటే అక్కడ కొరత వచ్చింది వరదకే! లంక రైతుకి ఇది చెబితే ఆశ్చర్యపోడు. ఎర్రనీళ్లు పొలం తడపని ఏడాది ఎలా ఉంటుందో అతనికి తెలుసు.

రాజస్థాన్‌లోని కాళీబంగన్ సంగతి మరీ విచిత్రం. ఈ సింధు నాగరికత ఊరు ఘగ్గర్ నది లోయలో ఉంది. సట్లెజ్ ఒకప్పుడు అక్కడే పారి, సుమారు 8,000 ఏళ్ల కిందటే దారి మార్చుకుని వెళ్లిపోయిందని 2017లో తేలింది. అంటే హరప్పావాళ్లు వచ్చేసరికి హిమాలయాల పెద్ద నది అక్కడ లేదు, ఊరిని ముంచే స్థాయి వరదల భయమూ లేదు. వానాకాలపు నీటితో గడుపుకున్నారు. అయినా మిగతా నగరాలు పాడుబడిన రోజుల్లోనే అదీ ఖాళీ అయింది. అన్నిటికీ వరదే కారణమైతే, కనీసం కాళీబంగన్ అయినా నిలవాలి కదా.