వెల్డింగ్ నేర్చుకోవడానికి సిమ్యులేటర్ సరిపోతుందా?

"పది పాసైన మా అబ్బాయిని వెల్డింగ్‌లో పెడదామనుకుంటున్నాం. సిమ్యులేటర్ ఉన్న చోట చేర్పించాలా, మామూలు వర్క్‌షాప్‌లోనా?" అని అడిగారు. సిమ్యులేటర్ అంటే నిజం నిప్పు, ఇనుము లేకుండా తెర మీద చూస్తూ వెల్డింగ్ సాధన చేసే యంత్రం. నేను 19 ఏళ్లుగా జీడిమెట్లలో ఫ్యాబ్రికేషన్ పని చేస్తున్నాను. నిప్పు ముందు కూర్చోకుండా వెల్డర్ అయినవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

పోయిన ఏడాది జులైలో మా షెడ్డుకి ఒక కుర్రాడు వచ్చాడు. నేర్చుకున్న చోట సిమ్యులేటర్ మీద నూటికి 92 వచ్చాయట. అబద్ధం కాదు, చెయ్యి పట్టిన తీరులోనే తెలిసింది. గేటు ఫ్రేము చూపించి, 3.15 ఎంఎం వెల్డింగ్ రాడ్ (కరిగి అతుకు వేసే కడ్డీ) చేతికిచ్చాను. ఇనుము మీద గీయగానే అతుక్కుపోయింది. మెషిన్ గుర్రుమంటోంది, రాడ్ ఎర్రబడుతోంది, వాడు అలాగే పట్టుకుని లాగుతున్నాడు. "హోల్డర్ నొక్కి రాడ్ వదిలెయ్ తమ్ముడూ!" అని అరిచాను. వదిలాక చూస్తే వాడి చేతులు వణుకుతున్నాయి. "అక్కడ అతుక్కుంటే మళ్లీ మొదటి నుంచి వచ్చేదన్నా" అన్నాడు.

టీ తాగించి మళ్లీ కూర్చోబెట్టాను. వానాకాలం కదా, రాడ్లకు చెమ్మ పట్టింది. చిటపటమని చిమ్మి ఒక రవ్వ బూటులో పడింది. అయినా ఓర్చుకుని ఒక మూల నుంచి మొదలుపెట్టి వరుసగా లాగేశాడు. అతుకు చక్కగా ఉంది. చల్లారాక ఫ్రేమును నేల మీద పెడితే ఒక మూల వేలెడు ఎత్తున లేచింది! చల్లారే ఇనుము తన వైపు లాక్కుంటుంది. అందుకే ముందు అన్ని మూలలా ట్యాక్ (చిన్న చుక్కంత అతుకు) వేసి, ఎదురెదురు మూలలు మార్చి మార్చి వేయాలి. ఆ ఫ్రేమును సుత్తితో సరిచేయడానికి మాకు సాయంత్రమైంది. వాడు మళ్లీ ఆ తప్పు చేయలేదు.

సిమ్యులేటర్ వద్దనను. మొదటి పదిహేను రోజులు కోణం, దూరం, వేగం చేతికి అలవాటవుతాయి, ఇనుము ఖర్చు కాదు, కళ్లకు వెలుగు కొట్టదు. వెలుగు కొట్టిన రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది, ఆ బాధ ఏ పిల్లవాడికీ వద్దు. కానీ కరెంటు సరిపోయిందో లేదో మాకు చెవి చెబుతుంది. మూకుడులో పకోడీలు వేగినట్టు ఒకే తీరుగా మోగాలి. అది పక్కన మేస్త్రీ ఉంటేనే పట్టుబడుతుంది.

మన తెలంగాణలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టారు, 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన కూడా జరిగింది. సంతోషమే. కొత్త యంత్రాలతో పాటు రాడ్లు, ముక్క ఇనుము, తోలు గ్లవ్స్ కూడా చేతినిండా ఇవ్వాలి. గ్లవ్స్ అడిగితే మొహం చిట్లించే షెడ్డు యజమానులను చూసి చూసి విసిగిపోయాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వెల్డింగ్ చేసే షాపులో మాత్రం మీవాణ్ణి అస్సలు పెట్టకండి.

ఎక్కడ చేర్పించినా, ముందు వెళ్లి రోజుకు ఒక్కొక్కరికి ఎన్ని రాడ్లు ఇస్తారో అడగండి. స్క్రాప్ డబ్బాలో కాలిన రాడ్ ముక్కలు ఎన్ని ఉన్నాయో కూడా ఒకసారి చూసి రండి.